పదిహేను రోజుల న్యూరాలజీ చూసి దారి తేల్చుకోవచ్చా?

ప్రశ్న: హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. మెడిసిన్ పోస్టింగులో పదిహేను రోజులు న్యూరాలజీ (మెదడు, నరాల జబ్బుల) వార్డులో వేశారు. సుత్తి, ట్యూనింగ్ ఫోర్కు పట్టుకుని మా సార్ జబ్బు మెదడులో ఉందో వెన్నుపాములో ఉందో చెప్పేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. కానీ పక్షవాతంతో వచ్చినవాళ్లలో చాలామంది కాలు ఈడ్చుకుంటూనే ఇంటికెళ్లారు. న్యూరాలజీ నాకు సరిపడుతుందా?

జవాబు: నేను డాక్టర్ని కాను, మెడికోలతో మాట్లాడటమే నా పని. అందుకే ముందు దారి గురించి చెబుతాను. నీట్ పీజీ రాసి మూడేళ్లు ఎండీ జనరల్ మెడిసిన్ (పీడియాట్రిక్స్ అయినా సరే), తర్వాత నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్) రాసి మూడేళ్లు డీఎం, అంటే న్యూరాలజీలో సూపర్ స్పెషాలిటీ కోర్సు. ఎయిమ్స్, నిమ్హాన్స్ లాంటి చోట్లకు ఎంట్రన్సులు వేరు. అంటే నరాల డాక్టర్ కావాలంటే మామూలుగా ముందు మూడేళ్లు డెంగీ, షుగర్, కిడ్నీ కేసులతో గడపాలి. మీ ఉత్తరంలో మెడిసిన్ వార్డు గురించి ఒక్క ముక్క లేదు. అది విసుగనిపిస్తే ఇప్పుడే ఆలోచించుకోండి.

ఇక పేషెంట్లు బాగుపడరన్న బెంగ. మీరు చూసింది వార్డు. అక్కడ చేరేది ఎక్కువగా బాగా ముదిరినవాళ్లే. ఓపీలో ఒక పూట కూర్చోండి. మూర్ఛ ఉన్నవాళ్లలో సరైన మందులు వాడితే 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా ఉండొచ్చని డబ్ల్యూహెచ్ఓ చెబుతోంది. మైగ్రేన్ వాళ్లు కూడా అక్కడికే వస్తారు.

పక్షవాతంలో కూడా మీ వంతు ఉంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటల గడువు. "పొద్దున లేచేసరికి మూతి వంకరపోయింది, చెయ్యి పడిపోయింది" అంటారు ఇంట్లోవాళ్లు. వాళ్లు చూసింది పొద్దున ఆరింటికే అయినా, లెక్క రాత్రి మనిషి బాగున్నట్టు చివరిసారి చూసినప్పటి నుంచి మొదలవుతుంది. "రాత్రి బాత్రూమ్‌కు లేచాడా? అప్పుడు మాట బాగుందా?" అని కంగారులో ఉన్న కోడల్ని ఓపిగ్గా అడిగి టైమ్ రాబట్టేది చాలాసార్లు డ్యూటీలో ఉన్న జూనియరే. స్కానింగ్ రిపోర్టులో ఆ టైమ్ ఉండదు.

ఇలా అడిగి రాబట్టడం మీకు నచ్చిందా, సార్ సుత్తి పట్టుకోవడమే నచ్చిందా? నాకైతే మొదటిదే అసలు పరీక్ష అనిపిస్తుంది. ఎలెక్టివ్ పోస్టింగు (మీరే ఎంచుకునేది) మిగిలి ఉంటే మళ్లీ న్యూరాలజీనే అడగండి. ఈసారి క్యాజువాలిటీలో రెండు నైట్ డ్యూటీలు వేయించుకోండి. ఆ తర్వాత మళ్లీ రాయండి.