ఎయిర్‌సాఫ్ట్ ప్రశ్నలు: వాడిన తుపాకీ, చూడని మైదానం

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు స్నేహితులు తీసుకువెళ్తే రెండు ఆదివారాలు అద్దె తుపాకీతో ఎయిర్‌సాఫ్ట్ (నకలు తుపాకులతో చిన్న ప్లాస్టిక్ గుళ్లు పేల్చుకునే ఆట) ఆడాను. బాగా నచ్చింది. స్విండన్‌లో ఒకాయన తన నల్లటి ఎలక్ట్రిక్ ఎం4ను (సైనిక రైఫిల్ నకలు), నాలుగు మ్యాగజైన్లు (గుళ్లు నింపే పెట్టెలు), రెండు బ్యాటరీలు, కళ్లద్దాలతో కలిపి 140 పౌండ్లకు ఇస్తానంటున్నారు. లోపలంతా అప్‌గ్రేడ్ చేయించానని, 400 ఎఫ్‌పీఎస్ వస్తుందని చెబుతున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ 400 అన్న అంకె దగ్గర ఆగుదాం, ఎందుకంటే అమ్మేవారు గొప్పగా చెప్పుకుంటున్న ఆ గుణమే మిమ్మల్ని చిక్కుల్లో పెట్టగలదు. 0.20 గ్రాముల బీబీ, అంటే ఈ తుపాకీ పేల్చే ప్లాస్టిక్ గుండు, సెకనుకు 400 అడుగుల (ఎఫ్‌పీఎస్) వేగంతో బయటికి వస్తే దాని శక్తి దాదాపు 1.49 జౌళ్లు. బ్రిటన్‌లో 2017 నాటి పోలీసింగ్ అండ్ క్రైమ్ చట్టం ఎయిర్‌సాఫ్ట్ తుపాకులను అసలు తుపాకుల లెక్కలోంచి తప్పించింది గాని, ట్రిగ్గర్ నొక్కిపట్టుకుంటే వరుసగా పేలే వాటికి 1.3 జౌళ్లు, నొక్కినప్పుడల్లా ఒక్కటే పేలే వాటికి 2.5 జౌళ్లు అని హద్దు కూడా గీసింది. ఎలక్ట్రిక్ ఎం4లో సాధారణంగా సెమీ (నొక్కుకు ఒకటి), ఆటో (వరుసగా) రెండూ ఉంటాయి కాబట్టి, మీరు ఏనాడూ ఆటోలో పెట్టకపోయినా దానికి వర్తించేది 1.3 హద్దే. అది దాటితే చట్టం దృష్టిలో మీ చేతిలో ఉన్నది ఆటవస్తువు కాదు, నిషేధిత ఆటోమేటిక్ ఆయుధం. వీసా మీద ఉన్నవారు ఈ మాటను రెండుసార్లు చదువుకోవడం మంచిది. ఆయనకు ఈ సంగతి తెలియకపోయి ఉండవచ్చు, సరిగా కొలవక నోటికొచ్చిన అంకె చెప్పి ఉండవచ్చు. ఏది నిజమైనా, క్రోనో (బీబీ వేగం కొలిచే పరికరం) మీద 350 లోపు చూపించిన తరువాతే బేరం మొదలుపెట్టండి. 350 అంటే 1.14 జౌళ్లు, ఆటో తుపాకులకు చాలా మైదానాలు పెట్టుకున్న పరిమితి అదే.

రెండో అడ్డంకి నలుపు రంగు. 2006 నాటి వయలెంట్ క్రైమ్ రిడక్షన్ చట్టం ప్రకారం అసలు తుపాకీలా కనిపించే నకలును అమ్మడం నేరం. బీమా ఉన్న మైదానంలో ఆడే ఎయిర్‌సాఫ్ట్ కోసం అమ్మానని చూపగలిగితే అమ్మినవారికి రక్షణ ఉంటుంది. దానికి అందరూ వాడే ఆధారమే యూకారా (బ్రిటన్ ఎయిర్‌సాఫ్ట్ దుకాణదారుల సంఘం) నమోదు. ఒక మైదానంలో కనీసం 56 రోజుల వ్యవధిలో మూడు ఆటలు ఆడితే ఆ మైదానంవారు మీ పేరు నమోదు చేయిస్తారు, ఏటా దాన్ని పునరుద్ధరించుకోవాలి. అది లైసెన్సు కాదు, మీరు నిజంగా ఆడే మనిషేనని అమ్మేవారికి దొరికే భరోసా మాత్రమే. నేరభారం అమ్మేవారి మీద పడుతుంది కాబట్టి, స్విండన్ ఆయన మీ నంబరు అడిగితే నొచ్చుకోవలసిన పని లేదు. అడగకుండానే ఇచ్చేస్తానంటే మాత్రం, తుపాకీ విషయంలో కూడా ఆయన అంతే అజాగ్రత్తగా ఉండి ఉంటారని నేను అనుకుంటాను. మీరు ఆడినవి రెండు ఆటలే. మూడోది కూడా అద్దె తుపాకీతోనే ఆడండి. ఆ 56 రోజులను ఆలస్యమని విసుక్కునేవారే ఎక్కువ. నా మట్టుకు అది కొత్తవారికి యూకారా నియమం చేసిన మేలు. తుపాకీ బరువు చేతికి సరిపోతుందా, అడవి నచ్చుతుందా, భవనాల్లో ఆడటం నచ్చుతుందా అనేవన్నీ ఆ రెండు నెలల్లోనే తేలతాయి.

ఇక తుపాకీని చూడటం. నా మొదటిది కూడా ఇలా కొన్నదే. అమ్మినవారి గ్యారేజీలో నాలుగు సార్లు పేల్చి చూస్తే ఏ లోపమూ కనిపించలేదు. మరుసటి ఆదివారం మైదానంలో క్రోనో బల్ల మీద వరుసగా 312, 341, 287, 335 వచ్చాయి. మార్షల్ (ఆటను పర్యవేక్షించే వ్యక్తి) ఏమీ అనకుండా దాన్ని పక్కన పెట్టి, అద్దె తుపాకీ ఒకటి నా చేతికిచ్చారు. ఆ రాత్రి వంటింటి బల్ల మీద గేర్‌బాక్స్ విప్పితే, ఆముదంలా చిక్కబడిన నల్లటి గ్రీజులో ఎవరిదో వెంట్రుక, ఎండి పగిలిన ఓ-రింగు, పళ్లు అరిగి నున్నబడిన పిస్టన్ కనిపించాయి. అప్పటినుంచి నేను ఎఫ్‌పీఎస్ ఎంత అని కాదు, ఎంత నిలకడగా ఉంది అని అడుగుతున్నాను. ఒకే బరువు బీబీలతో పది సార్లు పేల్చినప్పుడు అంకెలు పది, పన్నెండు అడుగుల తేడాలో ఉంటే గాలి లీకు కావడం లేదని అర్థం. ముప్ఫై, నలభై అడుగులు ఊగుతుంటే నాజిల్, ఓ-రింగు, బీబీని తిప్పి దూరం పంపే హాప్-అప్ రబ్బరులలో ఏదో ఒకటి పోయిందన్నమాట. ఆ రబ్బరు ఒక్కటే అయితే పది పౌండ్ల లోపు పని. గేర్‌బాక్స్ విప్పవలసి వస్తే మెకానిక్ కూలీతో మీ బేరం మొత్తం తలకిందులవుతుంది.

కొలిచే ముందు స్క్రూల తలలు చూడండి. పట్టు కింద, రిసీవర్ (తుపాకీ నడిమి భాగం) పక్కన ఉన్న స్క్రూల తలల గాట్లు చెదిరిపోయి ఉంటే, సరైన పనిముట్టు లేని చెయ్యి ఎవరిదో లోపలికి వెళ్లి వచ్చిందని అర్థం. అప్‌గ్రేడ్ చేయించానన్న మాట వినగానే చాలామంది ధర ఎక్కువైనా సబబేననుకుంటారు, నేనైతే తగ్గించమంటాను. ఫ్యాక్టరీ బిగించినదాన్ని విప్పి గట్టి స్ప్రింగు, వేగమైన మోటారు వేసినప్పుడు పాత పిస్టన్, పాత గేర్లు ఆ ఒత్తిడిని ఎన్నాళ్లు తట్టుకుంటాయో అమ్మేవారికీ తెలియదు. ఎవరు చేశారు, రసీదు ఉందా, తీసేసిన పాత భాగాలు ఎక్కడున్నాయి అని అడగండి. నిజంగా పని చేయించినవారి దగ్గర ఆ పాత స్ప్రింగు ఏదో సంచిలో ఉంటుంది.

పేల్చేటప్పుడు చెవి పెట్టి వినండి. గేర్లు కుదురుగా ఉన్న తుపాకీ ముద్దగా, తెగినట్టు శబ్దం చేస్తుంది. సన్నగా కీచుమంటుంటే గేర్ల మధ్య షిమ్‌లు (పలచని వాషర్లు) సరిగా లేవు, లేదా మోటారు ఎత్తు కుదరలేదు. మోటారు ఎత్తు పట్టు అడుగున ఉన్న చిన్న స్క్రూ తిప్పితే సరిపోతుంది, షిమ్‌లకు గేర్‌బాక్స్ విప్పాలి. సెమీలో ముప్ఫై సార్లు వెంటవెంటనే నొక్కి చూడండి. ఒక్క నొక్కుకు రెండు పేలినా, మధ్యలో మొరాయించినా ఒక్క గుండుతో ఆపే కటాఫ్ లీవరో, ట్రిగ్గర్ కాంటాక్టులో అరిగిపోయి ఉంటాయి. తరువాత పట్టును అరచేత్తో తాకండి. ఆ కాసేపటికే కాలుతుంటే మోటారు మోయలేని బరువు మోస్తున్నట్టే. పెరట్లో చోటుంటే 0.28 గ్రాముల బీబీలతో హాప్-అప్ తిప్పుతూ కొన్ని పేల్చండి. బీబీ తిన్నగా వెళ్లి చివర మెల్లగా వాలాలి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోతుంటే ముందు గొట్టం తుడిచి చూడమనండి, అప్పటికీ మారకపోతే రబ్బరు మార్చాలి.

ఆ మూటలోని మిగిలిన వస్తువుల్లో మ్యాగజైన్లకు తప్ప దేనికీ నేను విలువ కట్టను. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను ఎలా ఛార్జ్ చేశారో, ఎంత దిగేదాకా వాడారో బయటికి కనిపించదు. సెల్‌కు 3 వోల్టుల కంటే దిగినది, కాస్తయినా ఉబ్బినది ఇంట్లో నిప్పు పెట్టుకున్నట్టే. కొత్తవి, నిప్పుకు తట్టుకునే సంచితో సహా కొనుక్కోండి. వాడిన కళ్లద్దాలు కొననే వద్దు. కంటికి కనిపించని పగులు, సాల్వెంట్ తగిలి పెళుసుబారిన కటకం పరీక్షకు దొరకవు. కొత్తవి కొనేటప్పుడు ఫ్రేము మీద, కటకం మీద ఉన్న ముద్ర చూడండి. ఈఎన్ 166 ప్రమాణంలో ఎఫ్ గుర్తు ఉన్నదాన్ని 0.86 గ్రాముల ఉక్కు గుండుతో సెకనుకు 45 మీటర్ల వేగం దగ్గర పరీక్షిస్తారు, అంటే 0.87 జౌళ్లు. బీ గుర్తుకు అదే గుండు 120 మీటర్ల వేగంతో, అంటే సుమారు 6.2 జౌళ్లతో తగులుతుంది. మైదానంలో ఎదుటివారి తుపాకీయే 1.14 జౌళ్లు ఇవ్వగలదు కాబట్టి బీ కంటే తక్కువ తీసుకోవద్దు. ఇనుప జాలీ అద్దాలకు ఆవిరి పట్టదు నిజమే. పగిలిన బీబీ ముక్క మాత్రం జాలీ సందుల్లోంచి లోపలికి రావచ్చు.

అన్నీ బాగుంటే, బ్యాటరీలు, అద్దాలు ఆయన దగ్గరే వదిలేసి, తుపాకీకి, మ్యాగజైన్లకు 100 చెప్పి చూడండి. ఇంటికి తెచ్చేటప్పుడు మ్యాగజైన్ తీసేసి, మూసిన సంచిలో, కారు డిక్కీలో పెట్టండి. దారిలో పెట్రోలు బంకు దగ్గర స్నేహితుడికి చూపించాలన్న సరదా వద్దు. సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో నకలు తుపాకీ పట్టుకోవడం 1968 తుపాకుల చట్టం 19వ సెక్షన్ కింద నేరం, చూసినవారు ఫోన్ చేస్తే వచ్చేది ఆయుధాలున్న పోలీసులు.

ప్రశ్న: లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాకు దగ్గరలో రెండు ఎయిర్‌సాఫ్ట్ మైదానాలు ఉన్నాయి: ఒకటి అడవి, ఇంకొకటి పాత గిడ్డంగి. ఫొటోల్లో రెండూ బాగానే ఉన్నాయి. దేనికి వెళ్లాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఫొటోల్లో కనిపించేది పొగ, వేషాలు. మైదానం నాణ్యత ఉదయం తొమ్మిదింటికి, ఆట మొదలుకాక ముందే తెలుస్తుంది. అందుకే మొదటిసారి కాస్త ముందుగా చేరుకుని క్రోనో బల్ల దగ్గర నిలబడండి. కొత్తవారి తుపాకులే కొలిచి, ఎన్నాళ్లనుంచో వస్తున్నవారిని "నీది నాకు తెలుసులే" అని పంపేస్తున్నారా? అయితే ఆ పూట మీకు తగిలే బీబీ ఎంత వేగంతో వస్తుందో ఎవరికీ తెలియదన్నమాట. మంచిచోట కొలిచిన ప్రతి తుపాకీకీ ఒక రంగు ట్యాగ్ కడతారు, బీబీలు కూడా తమవే ఇచ్చి కొలుస్తారు. దానికి కారణం ఉంది: గ్యాసు తుపాకులు కొన్ని బరువైన బీబీ వేసినప్పుడు తేలిక బీబీ కంటే ఎక్కువ శక్తినిస్తాయి, 0.20తో కొలిచి 0.36తో ఆడితే హద్దు దాటినా బయటపడదు. మధ్యాహ్నం భోజనాల తరువాత హఠాత్తుగా మళ్లీ కొలిచే మైదానం కనిపిస్తే నేను ఇంకేమీ చూడను.

ఆ తరువాత సేఫ్ జోన్, అంటే ఆట లేనప్పుడు అందరూ కూర్చునే చోటు. అక్కడ ప్రతి తుపాకీకీ మ్యాగజైన్ బయటే ఉండాలి, గొట్టంలో మిగిలిన బీబీని బయట పేల్చి వచ్చి ఉండాలి. ఎవరైనా బల్ల దగ్గర కూర్చుని ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కితే మార్షల్ లేచి వచ్చి చెబుతారా, నవ్వి ఊరుకుంటారా అన్నది గమనించండి. ఆట నడుస్తుండగా ఒకరి అద్దాలు జారిపోతే ఏం చేస్తారని ఉదయం జాగ్రత్తలు చెప్పేటప్పుడు అడగండి. ఆట మొత్తం ఆపేస్తాం, అందరూ తుపాకులు దించాలి అన్న జవాబు తడుముకోకుండా రావాలి.

పెయింట్‌బాల్‌లో రంగు అంటుతుంది, ఇక్కడ ఏ గుర్తూ మిగలదు. తగిలిందని ఒప్పుకుని చెయ్యెత్తడం ఆటగాడి నిజాయితీ మీదే నడుస్తుంది, అందుకే గొడవలూ అక్కడే మొదలవుతాయి. ఎదుటివాడు ఒప్పుకోవడం లేదని మీరు ఫిర్యాదు చేస్తే, మంచి మార్షల్ అక్కడికక్కడే వాదన పెట్టుకోడు. ఆ మనిషి వెనక రెండు నిమిషాలు ఊరికే నడుస్తాడు. సగం జబ్బు దానికే నయమవుతుంది.

మీ రెండు మైదానాల విషయానికి వస్తే, మొదటి ఆటకు అడవే నా సలహా. పరుగెత్తడానికి, దాక్కోవడానికి చోటుంటుంది, దెబ్బలు దూరం నుంచి వస్తాయి. అయితే బోల్ట్ తుపాకులను (ప్రతి గుండుకూ చేత్తో బోల్ట్ లాగాల్సినవి) 500 ఎఫ్‌పీఎస్ దాకా అనుమతించే అడవుల్లో కనీసం 30 మీటర్ల దూరం నుంచే కాల్చాలన్న నియమం సాధారణంగా ఉంటుంది. అది కాగితం మీదే ఉందా, అమలవుతోందా అని పాతవారిని అడగండి. గిడ్డంగిలో మూల తిరిగితే మూడు అడుగుల్లో మనిషి ఉంటాడు. అక్కడ వేగ పరిమితి అడవి కంటే తక్కువగా, సెమీ మాత్రమే అన్న నియమంతో ఉంటేనే వెళ్లండి, కింది ముఖానికి కూడా కవచం వేసుకోండి. పన్ను విరిగితే విద్యార్థి బడ్జెట్ ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. రెండింటిలో ఎక్కడైనా బీమా పత్రం చూపించమని అడగవచ్చు. చూపించడానికి తటపటాయించేచోట ఆడిన ఆటలతో యూకారా వస్తుందని కూడా ఆశ పెట్టుకోకండి. భోజనంలో బర్గరు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి, బల్ల చుట్టూ స్నేహితులు కూడా పెరుగుతారు.

ప్రశ్న: నాకు యూకారా లేదు కాబట్టి సగానికి పైగా నీలం రంగు ఉన్న తుపాకీ కొన్నాను. చూడటానికి బొమ్మలా ఉంది. నల్ల స్ప్రే వేసుకోవచ్చా? (కోవెంట్రీ)

జవాబు: వద్దు. అసలు తుపాకీలా కనిపించేలా మార్చడం కూడా 2006 చట్టం ప్రకారం అమ్మడంతో సమానమైన నేరమే, ఈసారి చేసినవారు మీరే అవుతారు. యూకారా వచ్చాక వేసుకోండి. ఈలోగా ఆ నీలం వల్ల మీకు తగిలే బీబీలు ఏమీ పెరగవు. పొదల వెనక కదిలే మనిషిని చూసి కాలుస్తారు గాని, తుపాకీ రంగు చూసి కాదు.

ప్రశ్న: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తూ పన్నెండేళ్ల మేనల్లుడికి తన పాత ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్ తెస్తానంటున్నాడు. ప్రమాదమేమైనా ఉందా? (గుంటూరు)

జవాబు: అమ్మా, వద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. నకలు తుపాకీని చేతి సామానులో విమానం ఎక్కించనివ్వరు, విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. ఇవి దాటుకుని వచ్చినా, అనుమతి పత్రాలేవీ లేకుండా అసలు పిస్టల్‌లా కనిపించే వస్తువు పెట్టెలో ఉంటే శంషాబాద్‌లో కస్టమ్స్ అధికారుల ముందు మీ అబ్బాయి పండుగ పూట గంటలకొద్దీ సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. ఇక పన్నెండేళ్ల పిల్లవాడు రక్షణ అద్దాలు లేకుండా మేడ మీద తోటిపిల్లలతో ఆడితే, ఆరు మిల్లీమీటర్ల బీబీ ఒక కన్ను తీసేయడానికి చాలు. మేనల్లుడికి గాలిపటాలు, మాంజా లేని మామూలు నూలుదారం కొనిపెట్టమనండి.