తడి తోలును గుంజకు

అల్లుడా,

సిరొంచల డప్పు నువ్వే సొంతంగ కడుతున్నవని అక్క ఫోన్ల చెప్పింది. ఫైబర్ డప్పు కొననన్నవట. సంబురమైంది, భయం గూడ అయింది. వానకాలంల ప్రాణహిత ఒడ్డు తేమకు తోలు ఎట్ల సాగుతదో తెల్సినోళ్ళకు ఆ భయం ఉంటది.

చెక్క సంగతి ఒక్క మాటే: బాగ ఎండిన వేప. పచ్చి చెక్కైతే ఆరినంక అతుకులు నోరు తెరుస్తయి. అడ్డం రెండు జానలు, లోతు నాలుగు వేళ్ళు చాలు.

మేకతోలును సున్నం నీళ్ళల్ల నానబెట్టు. బొటనవేలుతోటి తోస్తే వెంట్రుకలు ఊడిరావాలె, అప్పుడే తియ్యి. ఇంకో రోజు ఉంటే ఏమైతదిలే అనుకోకు. తోలు ఉబ్బి సత్తువ పోతది. సున్నం వదిలేదాక మంచినీళ్ళతోటి కడుగు. కట్టేటప్పుడు వెన్నుగీత సరిగ్గ నడిమిల పడాలె. వెన్ను దిక్కు తోలు మందం, కడుపు దిక్కు పలచన. గీత పక్కకు జరిగితే ఒక దిక్కు మోగుతది, ఇంకో దిక్కు మూలుగుతది.

ఇగ అసలు తప్పు. కొత్తగ కట్టేటోళ్ళందరు తడి తోలును చేతనైనంత గుంజుతరు. తడి మీద కొడితే మొద్దుగ పలుకుతది గనుక ఇంకింత గుంజుదామనిపిస్తది. గుంజకు బిడ్డా. తోలు ఆరుకుంట తనంతట తనే బిగుస్తది. ముందే బిగువంత తీస్తే, ఏ అర్ధరాత్రో ‘ఫట్’మంటది: తోలన్న పోతది, చెక్క అతుకన్న పోతది. బొటనవేలుతోటి నడిమిల ఒత్తితే కొంచెం లోపలికి పోవాలె, తడి మీద అంతే బిగువు. చింతగింజల పిండిని చిక్కగ కాచి చెక్క అంచుకు పూసి, తోలు పరిచి, వార్లు ఎదురెదురుగ వెయ్యి: ఇటొకటి, దానికెదురుంగ అటొకటి. చుట్టూ వరుసగ పోతే మడతంత ఆఖరుకు ఒక్కకాడ ముద్దైతది.

ఎండల పెట్టకు. మీద జల్ది ఆరి, జిగురు కాడ తడే ఉంటది, అంచు లేస్తది. నీడల, గాలికి పూర్తిగ ఆరనియ్యి. నీకు చిన్నప్పటిసంది ఓపిక తక్కువ, అందుకే ఇంతగనం చెప్తున్న. కోపానికి రాకు.

కొట్టే ముందు డప్పును మంట మీద కాచేటప్పుడు వరిగడ్డి మంట చాలు. ఒక్కకాడ ఆపకుండ తిప్పుకుంట ఉండు, నడుమనడుమ అరచెయ్యి ఆనించి చూడు. చెయ్యి ఓర్వలేని వేడి తోలు గూడ ఓర్వదు. ఒక్కసారి ముడుచుకొని గట్టిపడ్డదంటే మళ్ళ సాగదు.

ఆరినంక ఫోన్ జెయ్యి. డప్పు దగ్గర పెట్టి సిర్రతోటి, అదే డప్పు కొట్టే పుల్లతోటి, ఒక్క దెబ్బ కొట్టు, ఇన్నంక చెప్త.

మీ మామ