లూప్ పట్టుకోవడం గురించి మేనకోడలికి ఉత్తరం

చి. సౌమ్యకు,

ఆసుపత్రి నెట్‌వర్క్ మొత్తం నీ చేతికి వస్తోందని అమ్మ చెప్పింది. ఛాతీ ఉప్పొంగింది, ఆ వెంటనే గుండెలో రాయి పడింది. ఐసీయూ మానిటర్లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ ఆ తీగల మీదే కదమ్మా. 2002 నవంబర్‌లో బోస్టన్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో స్పానింగ్ ట్రీ (లూప్ పడకుండా అదనపు దారుల్ని మూసి ఉంచే ఏర్పాటు) తప్పి, నాలుగు రోజులు కాగితం మీద నడిచింది. అందుకే లూప్ గురించే, అంటే కేబుళ్లు చుట్టు తిరిగి కలిసి డేటా అక్కడక్కడే తిరుగుతుండే తప్పు గురించే రాస్తున్నాను.

గుర్తులు తేలిక. స్విచ్ లైట్లన్నీ ఒక్కసారే గబగబా కొట్టుకుంటాయి, గేట్‌వేకి (నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లే ద్వారం) కొట్టిన పింగ్‌కు జవాబు వస్తూ పోతూ ఉంటుంది. లాగ్‌లో ఒకే మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తు సంఖ్య) రెండు పోర్టుల మధ్య గెంతుతూ కనబడుతుంది. ఆ రెండు పోర్టులే నీకు దారి. బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వెళ్లే డేటా) ఎక్కువగా లోపలికొస్తున్న పోర్టు వెంట కింది స్విచ్‌కి దిగు. అనుమానమున్న లింకు ఒక్కటే షట్ చేసి పది సెకన్లు ఆగి చూడు. కంగారులో నాలుగు కేబుళ్లు ఒకేసారి పీకావా, దొంగ ఎవరో తేలదు, మళ్లీ పెట్టగానే మళ్లీ అదే గోల.

ఇక నన్ను నిద్రపోనివ్వని తప్పు ఒకటుంది. వార్డులో నర్సుల బల్ల కింద ఎవరో ఐదు పోర్టుల చిన్న స్విచ్ పెడతారు. అది స్పానింగ్ ట్రీ నడిపే రకమైతే తనూ బీపీడీయూలు, అంటే లూప్ కనిపెట్టడానికి స్విచ్‌లు పంపుకునే సందేశాలు, పంపుతుంది. అవి వస్తే పోర్టును మూసేయమని నువ్వు పెట్టిన బీపీడీయూ గార్డ్ తన పని చేసి పోర్టును ఎర్-డిజేబుల్ చేస్తుంది, అంటే మూసేస్తుంది. వార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. షట్, నో షట్ కొట్టి పోర్టును ఆపి మళ్లీ తెరుస్తావు, మళ్లీ పడుతుంది. అప్పుడు ఎవరో బీపీడీయూ ఫిల్టర్ పెట్టమంటారు. పెడితే పోర్టు లేస్తుంది, ఫోన్లు ఆగుతాయి, సమస్య తీరిందనిపిస్తుంది. తీరలేదు తల్లీ! పోర్టు మీద నేరుగా ఫిల్టర్ పెట్టావంటే అక్కడ స్విచ్ బీపీడీయూ పంపదు, వచ్చినదాన్ని పట్టించుకోదు. స్పానింగ్ ట్రీ కళ్లకు గంత కట్టినట్టే. నెలలు ప్రశాంతంగా గడుస్తాయి. ఒకరోజు ఊడ్చేటప్పుడు వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో పోనీలే అని గుచ్చుతారు, ఆ చిన్న స్విచ్ నుంచి రెండో కేబుల్ ఫిల్టరున్న ఇంకో గోడ పోర్టుకు చేరుతుంది. ఐపీ ప్యాకెట్‌కున్న టీటీఎల్ (ఇన్ని గడపలు దాటితే పారేయమనే లెక్క) ఈథర్నెట్ ఫ్రేమ్‌కు లేదు కాబట్టి, ఒక్క ఏఆర్‌పీ (ఈ ఐపీ ఎవరిదని అందరినీ అడిగే ప్రశ్న) చాలు, తిరుగుతూనే ఉంటుంది. గార్డ్ పోర్టును మూసిందంటే ఫిల్టర్ జోలికి పోకు, మెట్లు దిగి బల్ల కిందకి వంగు.

ఒక మెలిక. కొన్ని చౌక స్విచ్‌లు బీపీడీయూని మింగేస్తాయి, అప్పుడు గార్డ్‌కు ఏమీ కనబడదు. అందుకే బ్రాడ్‌కాస్ట్ హద్దు దాటితే అడ్డుకునే స్టార్మ్ కంట్రోల్ కూడా ఉండాలి. బ్రాడ్‌కాస్ట్ ఒక శాతంతో మొదలుపెట్టి, మామూలు రోజు లెక్క చూసి సవరించు. లూప్ డిటెక్షన్ ఉన్న స్విచ్ అయితే అదీ ఆన్ చెయ్యి. కోర్ (నడిమి ముఖ్య) స్విచ్ స్పానింగ్ ట్రీ ప్రయారిటీ 4096, రెండోదానికి 8192 పెట్టు, తక్కువ అంకె ఉన్నదే రూట్ (స్పానింగ్ ట్రీకి పెద్ద) అవుతుంది. లేకపోతే ఏ మూల పాత స్విచ్చో రూట్ అయి కూర్చుంటుంది. ఐపీ ఫోన్ వెనక రెండు పోర్టులూ గోడకే గుచ్చేవాళ్లుంటారు, ఆ పోర్టులకూ గార్డ్ ఉండాలి.

లూప్ తుఫానులో ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్) అందదు, స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ ఒక్కటే దిక్కు. నా దగ్గర రెండున్నాయి, ఒకటి అత్తయ్య చేత పంపిస్తున్నాను. సోమవారం చేరేలోపు లాప్‌టాప్‌కి పెట్టి ఒకసారి లాగిన్ అయి చూసుకో.

ఆశీస్సులతో,
మామయ్య