వైఫై అందని గదిలో పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా వాడొచ్చా?

వాడొచ్చు. యాక్సెస్ పాయింట్ అంటే మెయిన్ రౌటర్ నుంచి కేబుల్‌తో నెట్ తీసుకుని వైఫైగా ఇచ్చేది. పాత రౌటర్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి, పని దాదాపు అయిపోయినట్టే. లేకపోతే మనమే మార్చుకోవాలి.

ముందు పాత రౌటర్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి మాత్రమే కలపండి. మెయిన్ రౌటర్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) 192.168.1.1 అయితే, పాత రౌటర్ సెట్టింగుల పేజీలో దీనికి 192.168.1.2 ఇవ్వండి. ఆ నంబరు మెయిన్ రౌటర్ పంచే అడ్రసుల్లో ఉండకూడదు. మార్చగానే పేజీ తెగిపోతుంది; కంగారు పడకుండా బ్రౌజర్‌లో కొత్త అడ్రస్‌తో మళ్లీ తెరవండి.

తర్వాత పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకీ కంప్యూటర్లకీ అడ్రసులు పంచే పని) ఆపేయండి. చాలామంది మరిచిపోయేది ఇదే. అది ఆన్‌లో ఉంటే రెండు రౌటర్లూ అడ్రసులు పంచుతాయి. అప్పుడు కొన్ని ఫోన్లలో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది గానీ నెట్ రాదు. మెయిన్ రౌటర్ నుంచి వచ్చే కేబుల్ కూడా పాత రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉండేది) కాదు, ల్యాన్ పోర్టులోనే (ఇంట్లోని పరికరాల కోసం ఉండేది) పెట్టాలి.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెండింటికీ ఒకటే ఇస్తే ఫోన్ దగ్గరి సిగ్నల్‌కి దానంతటదే మారుతుంది (కొన్ని మొండి ఫోన్లు పాత సిగ్నల్‌నే పట్టుకుని వేలాడతాయి, అది వేరే సంగతి). ఛానల్ (సిగ్నల్ నడిచే దారి) మాత్రం వేరుగా పెట్టండి: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1, రెండోదానికి 6 లేదా 11. సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 కంటే తగ్గొద్దు.