బీఈడీ చదివి లైబ్రరీలో చేరాను.. సబ్జెక్ట్ గైడ్ల పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: బీఈడీ పూర్తిచేశాను. డీఎస్సీలో ఉద్యోగం రాలేదు. ఇప్పుడు దూరవిద్యలో బీఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) చదువుతూ, బీఈడీ, డీఈఎల్‌ఈడీ కోర్సులున్న ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. విద్యార్థుల కోసం, చుట్టుపక్కల బడుల టీచర్ల కోసం ఆన్‌లైన్‌లో సబ్జెక్ట్ గైడ్లు తయారుచేయమని మా ప్రిన్సిపల్ గారు చెప్పారు. ఇంట్లో మాత్రం ‘అదంతా టైం వేస్ట్, మళ్లీ డీఎస్సీకి కూర్చో’ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పని నేర్చుకుంటే ఉపయోగం ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: డీఎస్సీకి చదవమని ఇంట్లోవాళ్లు అనడంలో తప్పేమీ లేదమ్మా, చదవండి. దానికోసం ఈ అవకాశాన్ని మాత్రం వదులుకోవద్దు. టీచర్ ట్రైనింగ్, లైబ్రరీ సైన్స్ రెండూ ఉన్నవాళ్లు తక్కువమంది. ఈ పనికి సరిగ్గా ఆ రెండూ కావాలి.

ఒక అంశం మీద ఏం చదవాలి, అది ఎక్కడ దొరుకుతుంది, ఎలా వెతకాలి అన్నవి లైబ్రేరియన్ ఒకచోట చూపిస్తే అదే సబ్జెక్ట్ గైడ్. అమెరికాలోని ఎంఐటీ లైబ్రరీలో 1970ల మొదట్లోనే ‘పాత్‌ఫైండర్’ పేరుతో ఇలాంటివి అచ్చు కాగితాల మీద ఇచ్చేవారు. స్ప్రింగ్‌షేర్ అనే కంపెనీ 2007లో ఇలాంటి గైడ్లను ఆన్‌లైన్‌లో తయారుచేసుకునే లిబ్‌గైడ్స్ సాఫ్ట్‌వేర్ తెచ్చాక, విదేశీ యూనివర్సిటీ లైబ్రరీల్లో ఇవి మామూలైపోయాయి. చాలావాటిని లాగిన్ లేకుండానే తెరిచి చూడవచ్చు. ఈ వారం ఒక నాలుగైదు యూనివర్సిటీల ఎడ్యుకేషన్ గైడ్లు చూడండి. కొన్నిటిలో లింకులు ఎంత గుట్టగా ఉంటాయంటే, చదివేవాళ్లకు ఏది ముందు నొక్కాలో తోచదు.

మీరు అలా చేయకండి. మన టీచర్లకు కొరతగా ఉన్నది సమాచారం కాదు. వాళ్ల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల నిండా పీడీఎఫ్‌లే. వాటిలో ఏది ఎవరు రాశారు, ఏది పాత సిలబస్‌ది, ఏది నమ్మదగింది అని చెప్పే మనిషే లేరు. అందుకే ఏరడమే ఈ పనిలో ముఖ్యం. పది దొరికితే మూడు ఉంచండి. ఆ మూడూ ఎవరికి, ఎప్పుడు పనికొస్తాయో ఒక్కోదాని కింద రెండు వాక్యాలు తెలుగులో రాయండి. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతున్నారంటే ఆ లింకు మీరింకా పూర్తిగా చదవలేదన్నమాట. అప్పుడు దాన్ని పేజీలో పెట్టకండి.

ఇంకో మాట. గైడ్‌ను సిలబస్‌లోని పేపరు పేరుతో కాకుండా, విద్యార్థికి ఎదురయ్యే పనితో మొదలుపెట్టండి. ఉదాహరణకు బహుళ తరగతి బోధన తీసుకుందాం. డీఈఎల్‌ఈడీ అమ్మాయి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన ఊరి బడిలో ఒక్కరే టీచరు, ఐదు తరగతులు. ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్నప్పుడు నాలుగో తరగతి వాళ్లు ఏం చేయాలి? ఈ ప్రశ్నే మీ పేజీకి మొదటి వాక్యం కావాలి. దాని కింద మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ బడుల పద్ధతిని పరిచయం చేయండి. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఏ కార్డు తర్వాత ఏది చేయాలో చూపించే నిచ్చెన పటం తయారుచేశారు. ప్రతి పిల్లా తానున్న మెట్టు నుంచి తన వేగంతో ముందుకు వెళ్తుంది. తమిళనాడు ప్రాథమిక బడుల్లోకి వచ్చిన ఏబీఎల్ (కృత్యాల ద్వారా నేర్చుకోవడం) పద్ధతి దీన్నుంచి ఎంతో తీసుకుంది. మన దగ్గరే ఇంత మంచి ఉదాహరణ ఉండగా మన ట్రైనీ టీచర్లలో చాలామందికి అది తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. తర్వాత కొలంబియాలో 1970లలో పల్లె బడుల కోసం మొదలైన ‘ఎస్క్వెలా నువా’ (కొత్త బడి) అనే బోధన పద్ధతి గురించి ఒక మంచి వ్యాసం ఇవ్వండి. చివర్లో ఒక రోజు టైమ్‌టేబుల్ నమూనా ఉండాలి. అలాంటి బడిలో పనిచేసిన టీచరును అడిగి రాయించండి. అంతే, పేజీ అయిపోయింది. క్లాసులో నిలబడిన అనుభవం లేనివాళ్లకు ఆ మొదటి ప్రశ్న తట్టడం కష్టం. మీ బీఈడీ ఇక్కడే అక్కరకొస్తుంది.

వెతకడానికి చోట్లు చెప్తాను. 1960లలో మొదలై, ఇప్పుడు అమెరికా విద్యాశాఖ నడుపుతున్న ‘ఎరిక్’ విద్యారంగానికి పెద్ద డేటాబేస్, ఉచితం. అందులో ‘ఫుల్ టెక్స్ట్’ అన్న గడిలో టిక్ పెడితే పూర్తిగా చదవగలిగిన వ్యాసాలే వస్తాయి. దాని థెసారస్ (వెతకడానికి వాడే మాటల పట్టిక) చూసి సరైన ఇంగ్లిష్ మాటలు ఎంచుకోవడం మీ విద్యార్థులకు నేర్పండి. మనం వాడే మాట, ఎరిక్‌లో వాడే మాట ఒకటి కాకపోవచ్చు. యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ వారి శోధ్‌గంగా వెబ్‌సైట్‌లో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అధ్యాయాల వారీగా ఉంటాయి. ప్రాజెక్టు చేసే పిల్లలు మొత్తం గ్రంథంతో కుస్తీ పట్టకుండా, ముందు పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయాన్ని తెరిస్తే చాలు. నాణ్యత అన్నిటిలో ఒకేలా ఉండదని కూడా పక్కనే రాయండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ పత్రికలు, దీక్ష పోర్టల్ మీకు తెలిసినవే.

‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. డబ్బు కట్టి చదవాల్సిన పరిశోధన పత్రికలను అందించే ఆ పథకం 2025 జనవరిలో మొదలైంది, అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకు. మీది ప్రైవేటు కాలేజీ కాబట్టి దాని మీద ఆధారపడే లింకులు మీ పిల్లలకు తెరుచుకోవు. అందరికీ తెరుచుకునేవే పెట్టండి.

ఎవరి పుస్తకాన్నీ స్కాన్ చేసి అప్‌లోడ్ చేయవద్దు. కాపీరైట్ ఉన్నవాటికి లింకు మాత్రమే ఇవ్వాలి. ప్రిన్సిపల్ గారు అడిగినా ఈ విషయంలో మర్యాదగా కాదనండి.

లిబ్‌గైడ్స్‌కు డబ్బు కట్టాలి. మీ కాలేజీకి ఇప్పుడు అది అవసరం లేదు, ఉచితంగా వెబ్‌పేజీలు చేసుకునే గూగుల్ సైట్స్‌తో మొదలుపెట్టవచ్చు. పేజీని కంప్యూటర్‌లో తయారుచేసినా ఫోన్‌లో చూసి సరిదిద్దండి, పిల్లలు చదివేది ఫోన్‌లోనే. మొదటి గైడ్ కాగానే ఇద్దరు విద్యార్థుల పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా వాళ్లు ఎలా వాడుతున్నారో గమనించండి. వాళ్లు ఆగిపోయిన ప్రతిచోటా మార్చాల్సింది ఉంటుంది. సెమిస్టర్‌కోసారి లింకులన్నీ నొక్కి చూడండి. ప్రభుత్వ సైట్ల చిరునామాలు తరచూ మారుతుంటాయి.

ఇక ఉద్యోగం సంగతి. ‘సబ్జెక్ట్ గైడ్లు తయారుచేసే ఉద్యోగి’ అనే పోస్టు మన దగ్గర విడిగా ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఇది లైబ్రేరియన్ పనిలో ఒక భాగం. కానీ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌తోపాటు చూపించడానికి మీరు చేసిన పని ఒకటి ఉంటే ఆ తేడా తెలుస్తుంది. బీఎల్‌ఐఎస్సీతో కేంద్రీయ విద్యాలయాల లైబ్రేరియన్ పోస్టులకు, గురుకులాల నోటిఫికేషన్లకు ప్రయత్నించవచ్చు. యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్ కావాలంటే ఎంఎల్‌ఐఎస్సీలో 55 శాతం మార్కులు, యూజీసీ నెట్ అడుగుతారు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో రెండింటిలోనూ ఆ పీజీ దూరవిద్యలో ఉంది. బీఎల్‌ఐఎస్సీ అవగానే గ్యాప్ లేకుండా చేరిపోండి. అమెరికా యూనివర్సిటీల్లో ఎడ్యుకేషన్ లైబ్రేరియన్ పోస్టులు విడిగా ఉంటాయి, గైడ్లు రాయడం వాళ్ల రోజువారీ పనే. వాటికి సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపున్న మాస్టర్స్ డిగ్రీ కావాలి. ఖర్చు ఎక్కువ, అప్పుచేసి వెళ్లమని నేను చెప్పను.

ప్రిన్సిపల్ గారితో ఒక్క విషయం ముందే మాట్లాడుకోండి. ఈ పనికి వారంలో కొన్ని గంటలు డ్యూటీలోనే కేటాయించమని అడగండి, లేకపోతే రాత్రిళ్లు డీఎస్సీ చదువు పోతుంది. ప్రతి గైడ్ కింద తయారుచేసినవారిగా మీ పేరు, చివరిసారి సరిచూసిన తేదీ వేయడానికి ఒప్పించండి.