సమాధానం: "ఒక మనసు వెళ్లమంటుంది, ఇంకోటి వద్దంటుంది" అనే క్లయింట్‌తో ఏం చేయాలి?

మీ క్లయింట్ ఉద్యోగం మానేసి సొంత వ్యాపారం పెట్టాలా వద్దా అని ప్రతి కౌన్సెలింగ్ సెషన్‌లోనూ అక్కడక్కడే తిరుగుతున్నారన్నారు కదండీ. లాభనష్టాల పట్టిక ఇక పక్కన పెట్టేయండి. అది లెక్క తేలుస్తుంది గానీ, లోపల ఎవరు అడ్డం పడుతున్నారో చెప్పదు.

జర్మన్ మనస్తత్వవేత్త షుల్జ్ ఫోన్ టూన్ 'లోపలి జట్టు' పద్ధతి ప్రయత్నించండి. చార్టు మీద ఆవిడ చేతే పెద్ద మనిషి బొమ్మ గీయించండి. ఆ బొమ్మ ఛాతీలో, మనసులో మాట్లాడే ఒక్కో గొంతుకీ ఒక చిన్న బొమ్మ, ఒక పేరు, అది అనే ఒక్క మాట. ఉదాహరణకి, "ఈఎంఐ రమణయ్య: ఒకటో తారీఖున ఎవడు కడతాడు?" పేర్లు ఆవిడే పెట్టాలి, మీరు అందించకండి.

రెండు గొంతులు రాగానే ఆపేయకండి. గట్టిగా అరిచేవే ముందొస్తాయి. "ఇంకెవరున్నారు?" అని అడిగి ఊరుకోండి, ఎంత ఇబ్బందిగా ఉన్నా సరే. "నాన్న ఏమంటారో" లాంటిది చాలాసార్లు అప్పుడే బయటికొస్తుంది, అసలు చిక్కు అదే.

బొమ్మ తల దగ్గర, ఈ జట్టుకి నాయకురాలిగా ఆవిడే ఉండాలి. "నువ్వు దేన్ని కాపాడుతున్నావు?" అని ఒక్కో గొంతునీ ఆవిడ చేతే అడిగించండి. గొంతుల మధ్య ఓటింగ్ మాత్రం వద్దు. రమణయ్యకి కావాల్సింది ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండటమే అయితే, దాన్ని షరతుగా రాసుకోవచ్చు.

ఆ గొంతులు నిజంగానే చెవికి వినపడుతున్నాయంటే మాత్రం ఇది ఆపి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపండి.