అమ్మడికి, ఇంట్లో ఫోను పెట్టించుకోబోయే ముందు

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు బెంగుళూరులో గది ఖాళీ చేసి వచ్చేస్తున్నావనీ, ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుని అమలాపురం నుంచే ఉద్యోగం చేస్తావనీ చెప్పింది. "దాంతోపాటు ల్యాండ్‌లైను కూడా ఇస్తారటరా" అని ఎంత సంబరపడిందో. నాకూ సంబరమే. అమ్మ ఒంటరిగా ఉంటోందని నువ్వింత ఆలోచించావంటే, నిన్ను ఎత్తుకు తిరిగిన భుజం కాస్త పొంగింది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. 36 ఏళ్ళు టెలిఫోను శాఖలో స్తంభాలెక్కి దిగినవాణ్ణి, మేనకోడలి ఇంటికి ఫోనొస్తుంటే నోరు మూసుకుని ఎలా కూర్చుంటాను?

స్పీడు సంగతి నీకే బాగా తెలుసు. 100 ఎంబీపీఎస్ చాలు. అప్‌లోడ్ కూడా అంతే ఇస్తారా అని మాత్రం అడుగు.

వైఫై, ఫోనూ రెండూ ఇచ్చే ఫైబర్ బాక్సు ఎక్కడ పెట్టాలన్నది వచ్చిన కుర్రాళ్ళకి వదలకు. వైరు లోపలికొచ్చిన చోటే, వీధి గుమ్మం పక్కన మేకు కొట్టి పోతారు. మీది పాతకాలపు మండువా ఇల్లు, జానెడున్నర మందం గోడలు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది గానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. 2.4 నిదానమే, గోడలు మాత్రం కాస్త దాటుతుంది. అందుకని బాక్సుని మండువా వైపు చూసే వసారా గోడకి, మనిషి ఎత్తున, జల్లు పడని చోట పెట్టించు. మధ్యలో అంతా ఖాళీయే కాబట్టి చుట్టూ ఉన్న గదులకి అందుతుంది. బీరువా మీద వద్దు, ఫ్రిజ్ వెనక అసలే వద్దు.

ఫైబర్ అంటే గాజు. రాగి తీగలాగా గుమ్మం మూలకి మడిచి క్లిప్పు కొడితే ఆ మడత దగ్గరే వెలుతురు కారిపోతుంది. చుట్ట చుట్టినా అరచెయ్యంత వెడల్పుండాలి. బాక్సు దగ్గర రెండు మూడు మీటర్లు అదనంగా వదలమను. మీ పెరటి కొబ్బరిచెట్ల ఉడతలు ఎప్పుడో ఒకప్పుడు కొరక్క మానవు. పనయ్యాక, ఫైబర్లో వెలుతురు ఎంతొస్తోందో కొలిచే వాళ్ళ పవర్ మీటరు నీకు చూపించమను. మైనస్ 20 దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దాకా పోయిందంటే నేడో రేపో ఆగిపోతుంది. మైనస్ కాబట్టి అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుందన్నమాట. రాగి తీగల మనిషిని కదా, ఇది నా తలకెక్కడానికి నెల పట్టింది. తెగిన కొసని కంటికెదురుగా పెట్టుకుని చూడకు; అందులో వచ్చే వెలుగు కనబడదు గానీ కంటికి మంచిది కాదు. కత్తిరించిన గాజు ముక్కలు వాళ్ళచేతే ఏరించు. మీ అమ్మ ఇంట్లో వట్టి కాళ్ళతో తిరుగుతుంది.

వైఫై పాస్‌వర్డూ, బాక్సు లోపలి అడ్మిన్ పాస్‌వర్డూ మొదటిరోజే మార్చు. ఫోన్ నంబరే పాస్‌వర్డుగా పెట్టావో, చెవి మెలేస్తాను. ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే ఫైబర్ ఎక్కడో తెగినట్టు. కంప్లైంట్ ఇచ్చి ఊరుకో. బాక్సు వెనక చిన్న చిల్లుంటుంది. దాన్ని పిన్నీసుతో పొడవకు. పొడిస్తే కంపెనీవాళ్ళు పెట్టిన సెట్టింగులు పోయి, ఇంటర్నెట్‌తోపాటు ఫోనూ మూగబోతుంది. నాకెలా తెలుసని అడక్కు.

ఇక ఫోను.

నేను ఉద్యోగంలో చేరిన 1979లో ఎక్స్ఛేంజిలో ఒక బ్యాటరీ గది ఉండేది. రెండేసి వోల్టుల సెల్లులు 24, వరసగా కలిపితే 48 వోల్టులు. వాటికి డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం, హైడ్రోమీటరు ముంచి చూడడం నా పని. చొక్కాకి యాసిడ్ వాసన పట్టిందని మీ అమ్మమ్మ నా బట్టలు విడిగా ఉతికేది. ఊళ్ళో ప్రతి ఫోనూ ఆ గది కరెంటుతోనే బతికేది. వీధంతా చీకటైపోయినా ఫోను మోగేదంటే అందుకే. మోగేటప్పుడు లైన్లోకి 75 వోల్టులొస్తాయి. ఒకసారి స్తంభం మీద తీగ తొడుగు పళ్ళతో లాగుతుంటే ఎవరో సరిగ్గా ఆ నంబరుకే ఫోన్ చేశారు. దవడ అదిరిపోయింది. కింద నిచ్చెన పట్టుకున్నవాడు పడీ పడీ నవ్వాడు.

1996 నవంబరు 6న తుఫానొచ్చినప్పుడు కోనసీమ కొబ్బరిచెట్లతోపాటు మా స్తంభాలూ నేలకొరిగాయి. లైన్లు లేచేదాకా జనం ఎక్స్ఛేంజి ముందు పడిగాపులు పడ్డారు, బతికే ఉన్నామని ఒక్క మాట చెప్పనివ్వండి బాబూ అని. ఆ మొహాలు చూసినప్పటి నుంచీ మోగని ఫోనంటే నాకు భయం.

గాజులో కరెంటు పారదు. ఇప్పుడు ఫోనుకి కరెంటు మీ ఇంటి ప్లగ్గులోంచే రావాలి. ఈ ముక్క నాకు తెలుసు. తెలిసీ ఏం చేశానో చెబుతాను. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు.

2019లో మా ఇంటికి ఫైబర్ పెట్టించాను. బాక్సు హాల్లో టీవీ పక్కన, ప్లగ్గు టీవీ బోర్డులోనే. మీ అత్తయ్యకి రోజూ రాత్రి పదింటికి సీరియల్ అవగానే అరచేత్తో ఆ బోర్డుని పైనుంచి కిందికి ఒక్క రాపు రాయడం అలవాటు. టకటకమని అయిదు స్విచ్చులూ పడిపోయేవి. ఆ చప్పుడు వింటే గానీ నాకు నిద్ర వచ్చేది కాదు. అయిదో స్విచ్చు బాక్సుది. పొద్దున్నే ఆరింటికి మళ్ళీ అన్నీ వేసేది. పగలు ఎప్పుడు చూసినా దీపాలన్నీ పచ్చగా వెలుగుతూనే ఉండేవి.

ఆ శ్రావణంలో ఒక రాత్రి మీ నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట ముద్దగా రావడం చూసి మీ అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. 108 గుర్తు రాలేదు, తమ్ముడు గుర్తొచ్చాడు. తనకి నోటికొచ్చిన నంబరు మా ల్యాండ్‌లైను ఒక్కటే. నేనుండేది మూడు వీధుల అవతల, ఇంటి ముందు కారుంది. చివరికి ఎదురింటివాళ్ళని లేపి, బండి దొరికి, కాకినాడ చేరేసరికి తెల్లారింది. ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలన్నారు డాక్టరు. దాటిపోయింది. ఆలస్యం బండి దొరక్క అయిందని నువ్వు అనుకుంటున్నావు. నేను అనుకోనిచ్చాను.

వారం తర్వాత రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచాను. టీవీ పక్కన పచ్చ చుక్కలు లేవు. చీకట్లో తడిమి చూశాను. బాక్సు చల్లగా ఉంది.

మర్నాడు ఆస్పత్రి వరండాలో మీ అమ్మని అడిగాను, ఎన్నిసార్లు చేశావక్కా అని. "నాలుగుసార్లు చేశాన్రా. మాత్ర వేసుకుని పడుకున్నావేమోలే అనుకున్నా" అంది. మళ్ళీ ఇప్పటిదాకా ఆ మాటెత్తలేదు.

మీ నాన్న దస్తూరీ నీకు తెలుసుగా. హైస్కూల్లో ఆయన బోర్డు మీద రాసింది చెరపడానికి పిల్లలకి చేతులొచ్చేవి కావు. అలాంటి మాస్టారు పెన్షన్ కాగితాల మీద ఎడమ బొటనవేలి ముద్ర వేస్తుంటే, పోయేదాకా ఆ ఇంకుప్యాడు పట్టుకున్నది నేనే.

మీ అత్తయ్యకి ఇదేం తెలీదు. ఆ స్విచ్చు మీద ఇన్సులేషన్ టేపు వేసేసి, నిప్పురవ్వలొస్తున్నాయి, ముట్టుకోకు అన్నాను. ఆవిడ తప్పేముంది? 48 వోల్టుల సంగతి తెలిసినవాణ్ణి నేను. ఈ స్విచ్చు తియ్యకు అని ఒక్క మాట చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అందుకని, స్పీడు తక్కువ ప్లాను తీసుకున్నా పరవాలేదు గానీ, బాక్సుకి మినీ యూపీఎస్ కొను. చాలా బాక్సులకి 12 వోల్టులు కావాలి. అడాప్టర్ మీద వోల్టులూ ఆంప్సూ చదివి వాటికి తగ్గది తీసుకో. ఇన్వర్టరు పెట్టిస్తే బాక్సు ప్లగ్గుని ఆ లైన్లోకి మార్పించు. స్విచ్చుకి టేపు మాత్రం తప్పదు. కార్డ్‌లెస్ ఫోను ముచ్చటగా ఉంటుందని కొనకు, దాని బేస్‌కీ కరెంటు కావాలి. మీ అమ్మ ఎర్ర బటన్ల ఫోనే బంగారం. దాని అడుగున నంబరు కొట్టే పద్ధతి మార్చే చిన్న మీట ఉంటుంది, పి అంటే పల్స్, టి అంటే టోన్; టి వైపు జరుపు. కరెంటు పోతే మీ దగ్గర స్తంభం మీద ఉన్న పెట్టెలు కూడా ఆగిపోతాయా అని కనెక్షనిచ్చేవాళ్ళని గట్టిగా అడుగు. కొందరు దారిలో కరెంటుతో నడిచేవి పెడతారు, వాటికి బ్యాటరీ లేకపోతే నీ యూపీఎస్ ఎందుకూ పనికిరాదు.

గోడలో ఉన్న పాత ఫోను వైర్లే వాడుకుందామని కుర్రాళ్ళంటే, ముందు బయటి రాగి లైను పూర్తిగా విడదీయమను. రెండూ కలిస్తే బాక్సు కాలిపోవచ్చు, పిడుగు కూడా ఆ దారినే లోపలికొస్తుంది. పాత నంబరే ఇస్తారా అని కాగితం మీద సంతకం పెట్టకముందే కనుక్కో. మీ నాన్న స్నేహితుల దగ్గరున్నది ఆ నంబరే. సెల్లుకి చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలని అమ్మకి చెప్పు. 2021 జనవరి 15 నుంచి అది తప్పనిసరి. ఫోను పక్కన గోడకి 108, నీ నంబరు, నా నంబరు పెద్ద అక్షరాలతో రాసి అంటించు. మన సెల్ నంబర్లు మాత్రం సున్నాతో సహా రాయి.

మీటింగులని అన్నం మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అది వచ్చాక చూసుకుంటాను.

కనెక్షనొచ్చిన మొదటి శనివారం, రాత్రి పదిన్నరకి ఇంటి మెయిన్ ఆపెయ్. మా ల్యాండ్‌లైను నుంచి మీ ల్యాండ్‌లైనుకి చేస్తాను. నువ్వు ఎత్తకు. మీ అమ్మ నెమ్మదిగా లేచి వచ్చి ఎత్తేదాకా మోగనీ.

మీ మావయ్య